వాతావరణం బాగాలేని రెండు వారాలు

ఆ రోజు బోటు వెళ్ళడం లేదని ఆమె మెసేజ్ పెట్టిన కాసేపటికే అతను ఆఫీసు మెట్లెక్కి వచ్చాడు. లైఫ్‌జాకెట్ కూడా విప్పలేదు. గుమ్మం దగ్గర తల వంచుకుని రావాల్సినంత పొడుగు మనిషి. అందుకే రేవులో అందరూ అతన్ని స్తంభం అంటారు. సముద్రం మధ్యలో నిలబెట్టిన గాలిమరలు ఎక్కి, అవి పాడవకముందే నూనె మార్చి, బోల్టులు బిగించి వచ్చే బృందానికి అతను పెద్ద.

ఏ బృందం ఏ రోజు ఏ గాలిమరకి వెళ్ళాలో నిర్ణయించేది ఆమె. ఉద్యోగంలో కొత్త. అలలు కాస్త లేచేలా ఉన్నా బోటు ఆపేస్తుందని ఆమెకి “వాతావరణం” అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆమెకీ తెలుసు.

“సముద్రం అద్దంలా ఉంది. కిటికీలోంచి ఒకసారి చూడండి,” అన్నాడు.

“ఇప్పుడు బాగానే ఉంది. మధ్యాహ్నం అలలు లేస్తే మిమ్మల్ని కిందికి దించేదెవరు?”

మధ్యాహ్నం అలలు లేవలేదు. సాయంత్రమూ లేవలేదు. మర్నాడు పొద్దున్నే మళ్ళీ వచ్చి, “వాతావరణం గారూ, ఇవాళైనా చల్లగా ఉన్నారా?” అని వినయంగా అడిగాడు. ఆమె నవ్వు ఆపుకోవడానికి కంప్యూటర్ వెనక తల దాచుకుంది.

అప్పట్నుంచి ఏదో ఒక వంకతో రోజూ వచ్చేవాడు. పెద్దగాలుల కాలం రాకముందే సర్వీసు పూర్తి కాకపోతే ఎంత చిక్కో, టీ తాగుతూ చెప్పేవాడు. ఆమె కూడా మెల్లిగా పట్టు సడలించింది.

అలా పంపిన ఒక రోజు గాలి మాట తప్పింది. అలలు ఎగసి బోటు గాలిమర నిచ్చెన దరిదాపులకి రాలేకపోయింది. బృందమంతా సాయంత్రం దాకా గాలిమర స్తంభంలోనే చిక్కుకుపోయింది. ఆమె రేడియో ముందు నుంచి లేవలేదు. ఒడ్డుకి వచ్చాక అతను ఏవో జోకులు వేశాడు. ఆమెకి ఒక్కదానికీ నవ్వు రాలేదు.

ఆ తర్వాత రెండు వారాలు ఆమె వేసిన షెడ్యూల్లో అతనికి ఒడ్డున వర్క్‌షాపు పనే పడింది. బృందం మాత్రం అతని కింది టెక్నీషియన్‌తో సముద్రంలోకి వెళ్తూనే ఉంది. చివరికి అతను వచ్చి ఆమె బల్ల ముందు నిలబడ్డాడు.

“నామీద కోపమా?”

“కోపమైతే సముద్రంలోకే పంపేదాన్ని.”

నోరు జారాక గానీ తనేం అన్నదో ఆమెకి తెలిసిరాలేదు. చెవులు వేడెక్కాయి. అతను కుర్చీ లాక్కుని నెమ్మదిగా కూర్చున్నాడు.

“బోటు ఉందో లేదో ఫోన్లో అడిగినా సరిపోతుంది. రోజూ ఈ మెట్లెక్కుతున్నది ఎందుకనుకున్నారు?” అన్నాడు. “కానీ ఇప్పుడు నా బదులు ఇంకొకడు వెళ్తున్నాడు. వాడి కోసమూ ఇంట్లో ఎదురుచూసేవాళ్ళు ఉన్నారు.”

ఆ మాట ఆమెకి సూటిగా తగిలింది. అప్పటికప్పుడు లేచి మేనేజరు గదికి వెళ్ళి, జరిగింది దాచకుండా చెప్పింది. అతని బృందం షెడ్యూలు ఇకమీద ఆఫీసులో తన సీనియర్‌కి ఇచ్చేయమంది. ముందే చెప్పాల్సిందని ఆయన గట్టిగానే చీవాట్లు పెట్టి, ఆమె అడిగినట్టే చేశాడు. మర్నాడు అతను బోటెక్కాడు. పంపింది తను కాదని తెలిసి కూడా ఆమెకి ఆ రోజు అన్నం సహించలేదు.

పెద్దగాలులు మొదలై బోట్లన్నీ రేవు పట్టాక, అతను ఆమెని తన ఇంటికి తీసుకెళ్ళాడు. సంగతంతా అప్పటికే తల్లి చెవిన పడింది.

“వీణ్ని ఒడ్డున కూర్చోబెట్టాలని నేను ఎన్నేళ్ళు పోరానో. నీకు రెండు వారాల్లో సాధ్యమైంది,” అంది ఆవిడ. “మళ్ళీ కూర్చోబెడతావా?”

అతను నీళ్ళగ్లాసు కింద పెట్టి ఆమె వైపు తిరిగాడు.

“లేదండీ,” అంది ఆమె. “ఆయనకి ఆ పని ఇష్టం. భయం నాది.”

ఆవిడ ఆమెని కాసేపు పరకాయించి చూసి, పక్కనున్న కుర్చీ దగ్గరికి జరిపింది.

“అయితే వాడు సముద్రంలోకి వెళ్ళిన రోజు ఆఫీసు అవగానే ఇటు వచ్చెయ్యమ్మా. ఒక్కదాన్నే ఎదురుచూసి విసుగెత్తిపోయింది.”