బలం పడే కంచం

2081 నాటికి దేశంలో మాట్లాడని కంచం లేదు. రేషన్ దుకాణంలో బియ్యంతోపాటు మనిషికొకటి చొప్పున ప్రభుత్వమే ఇచ్చింది. అన్నం కలపడానికి చెయ్యి పెట్టగానే అంచునున్న స్వేదగ్రాహకాలు, అంటే చెమటను చదివే సెన్సర్లు, ఆ వేళ్ళు ఎవరివో గుర్తుపట్టేవి. ఒంట్లో ఏం తక్కువైందో అప్పటికప్పుడే తేల్చేవి. ఇనుము తక్కువైతే ఇనుము, జింకు తక్కువైతే జింకు, అడుగునున్న సన్నని రంధ్రాల్లోంచి చుక్కలు చుక్కలుగా అన్నంలోకి ఊరేది. లోటు ఎక్కువున్నవాళ్ళకు ఎక్కువ చుక్కలు, లోటు లేనివాళ్ళకు ఒక్క చుక్కా లేదు. ఇంతకన్నా న్యాయమైన వస్తువు మనిషి చేతిలో పుట్టలేదని దాన్ని తయారుచేసిన డాక్టర్ హైమవతి నమ్మకం.

నమ్మకానికేం, కొండంత ఉండొచ్చు. ఒంటికి రక్తం పట్టాలి కదా!

పిల్లల్లో రక్తహీనత మటుమాయమైంది. మగవాళ్ళలోనూ తగ్గింది. తల్లుల దగ్గర మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. హైమవతి మోతాదు పెంచింది, మందు మార్చింది, సెన్సర్లు మార్చింది. అబ్బే! ఢిల్లీ మీటింగుకు వెళ్ళిన ప్రతిసారీ ఎవరో ఒక పెద్దమనిషి, "ఏమ్మా, మీ కంచాలకు ఆడవాళ్ళంటే పడదా?" అని నవ్వేవాడు. ఆమెకు ఒళ్ళు మండిపోయేది.

"డేటాలో తప్పేం లేదు మేడం," అన్నాడు సాఫ్ట్‌వేర్ చూసే ఫణీంద్ర. "తల్లుల కంచాల్లో చుక్కలు పడుతున్నాయి. కంచాలూ ఖాళీ అవుతున్నాయి."

"పడినవన్నీ ఎటు పోతున్నాయయ్యా మరి? గాల్లో కలుస్తున్నాయా?"



ఆ చిరాకులోనే, టిఫిన్ కూడా చెయ్యకుండా పొద్దున్నే కారెక్కి, నారాయణపేట దగ్గరి ఒక ఊళ్ళో మణెమ్మ ఇంటికి వచ్చింది హైమవతి. దేశం మొత్తమ్మీద ఎక్కువ చుక్కలు పడే కంచాల్లో మణెమ్మది ఒకటి. ఆమెకిప్పుడు ఆరో నెల. హిమోగ్లోబిన్ ఆరు. ఇలాగే ఉంటే కాన్పులో తల్లి దక్కడం కష్టమని డాక్టర్లు చెప్పేశారు.

మధ్యాహ్నం బడినుంచి పిల్లలిద్దరూ అన్నానికి వచ్చారు. మణెమ్మ తన కంచంలో పప్పన్నం వేసుకుని చెయ్యి పెట్టింది. అంచు ఎర్రగా వెలిగింది.

"బలం పడుతోంది మణెమ్మా, కడుపునిండా తిను," అంది కంచం. సొంత అక్క పిలిచినట్టుండాలని ఆ గొంతును హైమవతే ఏరికోరి పెట్టింది.

మణెమ్మ ముద్ద చేసి కొడుకు నోట్లో పెట్టింది. ఇంకో ముద్ద కూతురి నోట్లో పెట్టింది. మూడోది చేస్తుంటే హైమవతి గబుక్కున ఆమె చెయ్యి పట్టుకుని, కంచం మీదికి వంగింది.

"ఇప్పుడు ఎవరు తిన్నారు?"

"మణెమ్మ. రెండు ముద్దలు తింది," అంది కంచం.

"తిన్న నోరు ఎవరిది?"

"వేళ్ళు మణెమ్మవి. నోటిని చూసే ఏర్పాటు నాకు లేదు."

హైమవతికి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఏ చెయ్యి కలిపితే ఆ నోరే తింటుందనుకుని తయారుచేశారు. తల్లి కలిపి పెడితే ఇంటిల్లిపాదీ తినే దేశంలో పుట్టి, చిన్నప్పుడు తానూ అలాగే తిని పెరిగి, ఆ ముక్క ఎలా మరిచిపోయింది?

"ఇది నీకోసం పడే మందమ్మా! పిల్లల కంచాలు పిల్లలకున్నాయి కదా?"

"ఉన్నయి మేడం. అండ్ల ఏం పడ్తలేదు," అంది మణెమ్మ. "మొదట్ల మస్తు పడుతుండె. వీళ్లు జర గట్టివడంగనే బందైంది. నా దాంట్లనైతే ఎర్రలైటు ఎలుగుతనే ఉంటది. నాకు నెత్తురు తక్కువుంటెనే గద అది బలం పోసేది?"

హైమవతి ఆమె చెయ్యి వదిలేసింది.

"అంటే... తెలిసే తినడం లేదా?"

"నేను తింటె లైటు ఆరిపోదా? మా పక్కింటి లచ్చవ్వ తిన్నది, మంచిగైంది. ఇప్పుడు ఆమె కంచంల ఒక్క చుక్క పడ్తలేదు. పిల్లలకేం పెడ్తది పాపం!"

న్యాయమైన వస్తువట, న్యాయం! లోటున్నచోటే పొయ్యమని కంచానికి తాను నేర్పింది. ఆ లోటును ఈ తల్లులు పాడిగేదెను సాకినట్టు సాకుతున్నారు.

"చచ్చిపోతావే పిచ్చిదానా!" అని అరిచింది. అరుస్తుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "పిల్లలకు చాలినంత ఉంది కాబట్టే వాళ్ళకు పడటం లేదు. నువ్వు పోతే వాళ్ళకు ముద్ద కలిపేదెవరు? తిను. నువ్వు తినేదాకా నేనిక్కణ్ణుంచి కదలను."

"తింట తియ్యి మేడం, గట్ల కోపం గాకుండ్రి," అంది మణెమ్మ. నిజంగానే బెదిరింది. పిల్లల్ని బడికి పంపేసి, మిగిలిన అన్నమంతా దగ్గరికి తీసి పెద్ద ముద్ద చేసింది. నోటిదాకా తీసుకెళ్ళి, ఆగి, హైమవతి ముఖంలోకి చూసింది.

"మొకం గుంజుకపోయింది మేడం. పొద్దుగాల ఏమన్న తిన్నరా?"

"లేదు, ముందు నువ్వు..."

అనేలోపే ముద్ద హైమవతి నోట్లో ఉంది. పొద్దుటినుంచి పస్తున్న ప్రాణం. వద్దనుకునేసరికే నమిలేసింది, మింగేసింది. పప్పు వెనకాల ఎక్కడో సన్నగా ఇనుము రుచి తగిలింది.

"చూసిన్రా, ఎంత ఆకలైందో!" అని మణెమ్మ సంబరంగా నవ్వింది.

ఖాళీ అయిన కంచం అంచున ఎర్రదీపం ఆరిపోయింది.

"శభాష్ మణెమ్మా," అంది కంచం. "ఈ పూట నీ వంతంతా తినేశావు."