పాత లాకు దగ్గర తాడు

కాలువ మీద నీటి తలుపులున్న పాత లాకు దగ్గర రాత్రిపూట పడవ కట్టకూడదంటారు. ఎంత గట్టిగా కట్టినా తెల్లారేలోగా ముడి విడిపోతుందట. వెనకటికి ఎవడో కడుపుమంటతో స్నేహితుడి పడవ తాడు అక్కడే విప్పేశాడు… పడవ దిగువనున్న రాళ్లకు కొట్టుకుంది. అందులో నిద్రపోతున్న స్నేహితుడు మళ్లీ లేవలేదు. విప్పినవాడు కూడా ఆ రాత్రే అవే నీళ్లలో దూకాడు. అప్పట్నుంచీ అక్కడ తాళ్లు విప్పేది వాడేనని పడవలవాళ్లు చెప్పుకుంటారు.

అలాంటి చోట ఒక రాత్రి ఓ మందులషాపాయనకు జరిగిన సంగతి ఇది. ఆయన నోట విన్నవాళ్లే నాకు చెప్పారు.

ఆయన చిన్ననాటి స్నేహితుడికి ఓ తెరచాప పడవ ఉంది. చేసేది పళ్ల డాక్టరు పనే అయినా అందరూ అతన్ని కెప్టెన్ అంటారు. సముద్రాన్ని ఒరుసుకుని సాగే ఆ పొడవాటి కాలువలో ఏటా ఇద్దరూ షికారు వెళ్లేవారు. తెరచాప కెప్టెన్‌ది, చుక్కాని మందులషాపాయనది. ఏళ్ల తరబడి అదే వాడుక.

ఈసారి మధ్యలో డ్రాయింగు మాస్టారొకాయన దిగబడ్డాడు. కెప్టెన్‌కు కొత్త స్నేహితుడు. బయల్దేరిన గంటకే చుక్కాని అతని చేతికి వెళ్లిపోయింది.

"నువ్వు కాస్త టీ పెట్టరా. మాస్టారు బాగానే పట్టుకున్నారు," అన్నాడు కెప్టెన్.

టీ పెట్టాడు. పొంగిపోయింది. ఎవరూ పట్టించుకోలేదు. మాస్టారు నోరు తెరిస్తే చాలు, కెప్టెన్ పగలబడి నవ్వుతున్నాడు. ఆ జోకుల్లో సగం మందులషాపాయన ఎప్పుడో చెప్పినవే.

ఆ సాయంత్రం పాత లాకు దగ్గరికి వచ్చేసరికి గాలి పడిపోయింది. ఆగక తప్పలేదు. మాస్టారే గట్టు మీదికి దిగి రాతిగుంజకు తాడు కట్టాడు.

"ముడంటే అదీ," అన్నాడు కెప్టెన్.

మందులషాపాయనకు కడుపు భగ్గుమంది.

రాత్రి పడవ లోపల ఇద్దరూ వంతులు వేసుకున్నట్టు గురక పెడుతున్నారు. దానిక్కూడా ఆయనకు ఒళ్లు మండింది. ఆ ముడి విప్పేస్తే…? పడవ కదలగానే తనే కేకేసి లేపుతాడు. చుక్కాని పట్టి గట్టుకు చేరుస్తాడు. అప్పుడు తెలుస్తుంది కెప్టెన్‌కు, చుక్కాని ఎవరి చేతిలో ఉండాలో. ఎవరైనా నిలదీస్తే దెయ్యం ఉండనే ఉంది.

చప్పుడు కాకుండా గట్టు మీదికి దిగాడు. ముడి విప్పాడు. పడవెక్కబోతే—కాలు బురదలో మోకాలి దాకా దిగబడింది. చేతిలోంచి తాడు జారిపోయింది.

నీళ్లు సముద్రం వైపు లాగుతున్నాయి… ఆయన అనుకున్నదానికంటే బలంగా. దిగువన రాళ్లు. లోపల ఇద్దరు మనుషులు. "ఒరే…" అనబోయి, ముందు తాడు కోసం చెయ్యి చాచాడు; అందలేదు.

కానీ పడవ కదల్లేదు.

తెరచాప కొయ్యకు వేలాడుతున్న లాంతరు వెలుగులో చూశాడు. తాడు బిగిసే ఉంది. గుంజకు జానెడు దూరంలో, గాల్లో, దాని కొస ఆగి ఉంది. బొట్లు బొట్లుగా నీళ్లు కారుతున్నాయి—తాడు నుంచి కాదు… తాడుకు పైనుంచి.

చెవి పక్కనే ఎవరో రొప్పుతున్నారు.

"తొందరగా కట్టు బాబూ… నా చేతులు లాగేస్తున్నాయి."

కాలు ఎలా ఊడబెరికాడో ఆయనకే తెలీదు. తాడు అందుకుంటుంటే చల్లటి వేళ్లు తగిలాయి. ఆయన ముడి బిగించేదాకా ఉండి, ఒక్కొక్కటిగా వదిలాయి.

తెల్లారాక కెప్టెన్ తాడు లాగి చూశాడు. "ఇసుమంతైనా సడల్లేదు. మాస్టారి ముడి ముందు దెయ్యాలు కూడా దిగదుడుపేరా."

"ఏదో లెండి," అని మాస్టారు సిగ్గుపడ్డాడు.

అది నేను కట్టిన ముడిరా… నోటిదాకా వచ్చింది మందులషాపాయనకు. అంటే, మొదటి ముడి ఏమైందో కూడా చెప్పాలి. మింగేసి, తాడు విప్పుకుని పడవెక్కాడు. కూర్చుని ఆ తాడును చుట్టగా చుట్టసాగాడు. చుక్కాని దగ్గర మాస్టారు ఏదో అన్నాడు, కెప్టెన్ పగలబడి నవ్వాడు. మందులషాపాయన కడుపులో మళ్లీ ఆ మంట రాజుకుంది.

తాడు కొస ఇంకా నీళ్లలోనే ఉంది.

అది ఆయన చేతుల్లో ఒక్కసారిగా బిగిసింది… మెల్లగా, రెండుసార్లు, వద్దన్నట్టు లాగింది.