ఈత రాని డైవర్

“ఈ ఫోటోలో ఉండేది నువ్వేనా?”

హిందూపురంలో ఇంజనీరింగ్ కాలేజీ క్యాంటీన్. యామిని తన ఫోన్ తెచ్చి రఘునాథ్ ముఖం ముందు పెట్టింది. ఫోటోలో అతని వీపున సిలిండర్, నుదుటి మీద మాస్కు, వెనకాల పుదుచ్చేరి సముద్రం.

“నేనే.”

“ఎంత లోతుకి పోయినావు?”

నిజానికి ఆరోజు అతను పడవలోనే వాంతి చేసుకుని, నీళ్లు తాకకుండా ఒడ్డుకు తిరిగొచ్చాడు. అసలతనికి ఈతే రాదు. కానీ యామిని కళ్లింతలు చేసుకుని చూస్తోంది. మూడేళ్లలో ఆ అమ్మాయి తనవైపు అలా చూడటం అదే మొదలు.

“పన్నెండు మీటర్లు,” అన్నాడు.

“అయితే మా అడ్వెంచర్ క్లబ్బుకి నువ్వే దిక్కు. ట్రైనర్ని బెంగళూరు నుంచి పిలిపిస్తాం. ఈ చుట్టుపక్కల డైవింగ్‌కి పనికొచ్చే నీళ్లు యాడుండాయో నువ్వు చూడల్ల.”

మూడు ఆదివారాలు ఆమె స్కూటీ మీద తిరిగారు. పెన్నలో ఇసుక తప్ప ఏమీ లేదు. ధర్మవరం దగ్గర ఒక చెరువులో చెయ్యి ముంచితే ఆ చెయ్యే కనబడలేదు.

“ఈడ చేపలకే కళ్లజోడు కావల్ల,” అని యామిని నవ్వింది. రఘునాథ్ కూడా నవ్వాడు. చెప్పేద్దామని ప్రతిసారీ నోటిదాకా వచ్చేది, ఆమె నవ్వు చూసి మింగేసేవాడు.

నాలుగో ఆదివారం మడకశిర దారిలో మూతబడిన గ్రానైట్ క్వారీ ఒకటి దొరికింది. నిండా వాననీళ్లు, అద్దంలా తేటగా ఉన్నాయి.

“అడుగున పాత ఇనపతాళ్లు ఉండాయి. దిగొద్దండప్పా,” అన్నాడు అక్కడ కాపలా ఉండే ముసలాయన ఉలిగప్ప.

యామిని రఘునాథ్ వైపు తిరిగింది. “ఏం, దిగొచ్చునా?”

“ఇట్లాంటివి మామూలే. నేనుండా కదా.”

ఆ ఒక్క మాట నమ్మి దిగిందామె. ఈదుకుంటూ నడిమధ్యకు పోయాక కాలికేదో చుట్టుకుంది. ఒకసారి మునిగి తేలింది. “రఘూ” అని పిలిచింది. రఘునాథ్ కాళ్లు బండకు అతుక్కుపోయాయి. “తాతా, తాతా” అని కేకలు పెట్టడం తప్ప అతనికేమీ చేతకాలేదు. ఉలిగప్ప పరుగున వచ్చి తాడు విసిరాడు. అది పట్టుకుని, కాలు పెనుగులాడి విడిపించుకుని బయటపడింది యామిని. చీలమండ చీరుకుపోయి నెత్తురు కారుతోంది.

“పక్కనే ఉండి నువ్వేల దూకలేదప్పా?” అని ముసలాయన అడిగాడు.

 యామిని రఘునాథ్ చెయ్యి తోసేసి, చున్నీతో తన చీలమండకు తానే కట్టు కట్టుకుంది.

రెండు రోజులు కాలేజీ ఎగ్గొట్టాడు. అన్నం ముందు కూర్చుంటే ఆ పిలుపే వినబడేది. మూడోరోజు క్లబ్బు మీటింగులో అందరి ముందూ లేచి నిలబడ్డాడు.

“నాకు ఈత రాదు. ఆ ఫోటో ఒడ్డున తీసుకున్నది. నా అబద్ధం వల్ల యామిని చచ్చిపోయేది.”

ఎవరో కిసుక్కున నవ్వారు. రఘునాథ్ తలొంచుకుని బయటికి నడిచాడు. మెట్ల దగ్గర యామిని కుంటుకుంటూ వచ్చి అందుకుంది.

“దూకలేదని కాదు నా కోపం. దూకింటే ఉలిగప్పతాత ఇద్దర్నీ లాగాల్సి వచ్చేది. ‘నేనుండా’ అన్నావు చూడు, దానికి.”

“తెలుసు. క్షమించమని అడిగే ముఖం కూడా లేదు నాకు.”

ఆమె మెట్టు మీద కూర్చుని కాలి కట్టు సరిచేసుకుంది. “ఆదివారం పెనుకొండ దగ్గర మా తోటకి రా. బావి ఉండాది.”

ఆ ఆదివారం యామిని నాయన సంజీవప్ప, నీళ్లలో మునగకుండా తేలడానికి ఎండిన సొరబుర్రలు రెండు తెచ్చి రఘునాథ్ వీపుకు కట్టాడు.

“ఏమప్పా, సముద్రంలో దిగినోడివి నువ్వేనంట?”

“దిగలేదు మామా,” అన్నాడు. నోరుజారి వచ్చిన ఆ వరసకు చెవులు ఎర్రబడ్డాయి. సంజీవప్ప మీసాల్లో నవ్వుకుని మోటారు వేయడానికి వెళ్లిపోయాడు.

అయిదు వారాలకు సొరబుర్రలు ఊడాయి. బావి ఈవలి మెట్టు పట్టుకుని, రొప్పుతూ అన్నాడు రఘునాథ్.

“నీకు ఇంకొకటి కూడా చెప్పల్ల.”

ఆవలి మెట్టు మీద కూర్చుని జడ పిండుకుంటున్న యామిని ఆగింది. “ఇదన్నా నిజమేనా?”

“నిజం.”

“అయితే ఈడికొచ్చి చెప్పు.”

మధ్యలో ముప్పై అడుగుల నీళ్లు. రఘునాథ్ మెట్టు వదిలాడు. రెండుసార్లు నీళ్లు మింగాడు, ఒకసారి దారి తప్పాడు. చివరికి ఆమె పాదాల దగ్గర మెట్టు దొరికింది.

“చెప్పు,” అంది యామిని, చెయ్యి అందిస్తూ.