అమ్మ చెప్పని పేజీలు

ఎనిమిదింటికి మందుల షాపులో పనికి చేరాలంటే, ఆలోపే అమ్మకు స్నానం, టిఫిన్, మాత్రలు, కంటి చుక్కలు అన్నీ అయిపోవాలి. పదేళ్ళుగా ఇదే వరస. ఆ రోజు సెలవు పెట్టినా చిట్టికి కూర్చునే తీరిక దొరకలేదు. పబ్లిషర్ వస్తున్నాడు.

యాభై రెండేళ్ళ మనిషిని ఇంకా చిట్టి అని పిలిచేది అమ్మ ఒక్కతే. అమ్మ వాతావరణ కేంద్రంలో పనిచేసేది. గంటగంటకూ గాలి వేగం, తేమ, ఉష్ణోగ్రత నమోదు చెయ్యడం ఉద్యోగం. మధ్యలో దొరికిన కాస్త సమయంలో పాత ఫారాల వెనక కథలు రాసుకునేది. గాలి లేని గ్రహాల మీద కాపురాలు, మనిషికి ఎదురు చెప్పే యంత్రాలు. అలాంటివి రాసిన ఆడమనిషిని అప్పటికి ఎవరూ ఎరగరు. "చక్కగా ప్రేమకథ రాయమ్మా" అని తిప్పి పంపిన ఎడిటరే, ఆరేళ్ళ తర్వాత సీరియల్ కావాలని వచ్చి వరండాలో కూర్చున్నాడు. ఇప్పటికి ముప్ఫై ఒక్క పుస్తకాలు.

చూపు పోయాక అమ్మ చెబుతుంటే చిట్టి టైపు చేసేది. చివరి నవల సగంలో ఉండగా అమ్మ చెప్పిందే చెప్పడం మొదలుపెట్టింది. ఒకే అధ్యాయం, నాలుగుసార్లు. చిట్టి కిక్కురుమనలేదు. అమ్మ చెప్పేది టైపు చేస్తున్నట్టే వేళ్ళు ఆడిస్తూ, మిగతా సగం తనే రాసేసింది.

పబ్లిషర్ ఆ నవల ప్రూఫులు తెచ్చాడు. "అమ్మగారూ, ఈ ముక్క చదివి మా ఆఫీసులో అందరం కళ్ళు తుడుచుకున్నాం" అంటూ పైకి చదివాడు.

"అంతరిక్ష ఓడలో నీళ్ళు కొలిచి ఇస్తారు. కూతురు తన వంతు కూడా తల్లి ఒంటికే పోసి, ఆ తడిబట్టతో తన ఒళ్ళు తుడుచుకుంది. ఇలా ఎన్నాళ్ళని ఆమెను ఎవరూ అడగలేదు."

"ఇది నేను చెప్పింది కాదు" అంది అమ్మ.

పబ్లిషర్ జాలిగా నవ్వి చిట్టి వైపు చూశాడు. "ఈ వయసులో మరుపు మామూలేనండీ."

చిట్టి తల వంచుకుంది. అతను వెళ్ళాక అమ్మ చిట్టి వైపు తిరిగింది.

"పరాయివాడి ముందు నన్ను మతిలేనిదాన్ని చేశావు."

"అది కాదమ్మా..."

"మరేంటి? నా కథల్లో అలసిపోయినవాళ్ళు ఉండరు. ఏదైనా చెడిపోతే బాగుచేసుకుని పనిలో పడతారు."

"అవును, ఉండరు" అంది చిట్టి. "నీ ఓడల్లో ముసలివాళ్ళే ఉండరు. ఎవరికీ మాత్రలు వెయ్యక్కర్లేదు. నాకు ఒళ్ళు హూనమైపోతోందమ్మా. ఎవరితో చెప్పుకోను? నీ పుస్తకంలో చెప్పుకున్నా."

అమ్మ ప్రూఫుల కట్ట తడిమి చిట్టి వైపు తోసింది. "మొత్తం చదువు" అంది.

పది నుంచి ఒంటిగంట దాకా చదివింది చిట్టి. అమ్మ ఒక్కసారే ఆపింది. "గాలి అంత పలచనైతే నీళ్ళు గోరువెచ్చగా ఉండగానే మరుగుతాయి. మరిగే నీళ్ళు మీద పడ్డా అక్కడ చెయ్యి కాలదు. మార్చు."

చివరి పేజీ అయ్యేసరికి అమ్మ చెంపలు తడిశాయి.

"ఆ తల్లికి తెలియలేదా, పిల్ల ఇంతలా నలిగిపోతోందని?"

"ఎలా తెలుస్తుందమ్మా, కళ్ళు కనబడవు కదా."

"కళ్ళు లేకపోతే ఏం? రోజూ ఒంటిమీద పడే చెయ్యి తెలియదూ? నాకు తెలిసి ఉండాల్సింది."

చిట్టి లేచి, అమ్మకు వినబడేలా స్పీకర్ పెట్టి పబ్లిషర్‌కు ఫోన్ చేసింది. "పొద్దున అమ్మ చెప్పింది నిజమండీ. ఆ సగం నేను రాశాను. అమ్మకి మతి పోలేదు. నేనే నోరు మూసుకుని నిలబడ్డాను."

అవతల పబ్లిషర్ నసిగాడు. "అలాగైతే పుస్తకం ఆపాల్సి వస్తుందేమోనండీ. ఆవిడ పేరుతోనే కదా ప్రకటించాం."

అమ్మ చెయ్యి చాచి ఫోన్ అందుకుంది. "ఆపకండి. ఇద్దరి పేర్లూ వెయ్యండి. కుదరదంటే నాది తీసేయండి. దాని అసలు పేరు కనుక్కుని మరీ వెయ్యండి, చిట్టి అని అచ్చేసేరు."

ఫోన్ పెట్టేశాక తడుముకుంటూ కూతురి మోచెయ్యి పట్టుకుంది.

"రేపట్నుంచి పొద్దుటి పనులకి ఒక మనిషిని పెడదాం."

"వద్దమ్మా. కొత్తవాళ్ళ చేత చేయించుకోవడం నీకు నచ్చదు కదా."

"నచ్చదు. గొణుగుతాను. రెండు నెలలకి అలవాటైపోతుంది. పొద్దున పూట నువ్వు రాసుకో."

చిట్టి అమ్మ కుర్చీ పక్కన నేల మీద కూలబడి, చిన్నప్పుడు కూడా ఏడవనంతగా ఏడ్చింది. అమ్మ ఊరుకోమనకుండా, తల మీద చెయ్యి వేసి ఏడవనిచ్చింది.