తెల్లగుడ్డపై చూపనిది

రహీమాబీ తాత రహ్మాన్ జనగామ బాటసారులకు నలభై యేండ్లు చలివేంద్రం నడిపినవాడు. తండ్రి అబ్దుల్ బారీ మోటారు మేస్త్రి. ఏ బండి ఫిల్టరు విప్పినా, అందులో చిక్కిన మడ్డిని తెల్లగుడ్డపై పరచి యజమానికి చూపనిదే కడిగి ఎరుగడు. బండి కడుపులోని మాట దాచరాదన్నది ఆయన నియమం. ఆ నియమాన్ని ఒక్కసారే తప్పినాడు. ఆ సంగతి పోయేముందు కూతురి చెవిలో మాత్రమే చెప్పినాడు.

అది అరవైతొమ్మిది నాటి ఉద్యమకాలం. తరిగొప్పుల దొర తన ఎర్రని రెండు సీట్ల రేసుకారులో వస్తూ, గూడూరు అడవిదారిన ద్వాళి అనే లంబాడీ నిండుచూలాలిని గుద్దినాడు. ఆమె ప్రాణంతోనే ఉన్నది. పక్కసీటు ఖాళీగానే ఉన్నది. దొర ఆగలేదు. ఆమె ఆ దారిలోనే కన్నుమూసింది. మరునాడు ఆ కారు ముందుజాలిలో చిక్కుకొన్న పొడుగాటి వెంట్రుకలను అబ్దుల్ బారీ తన షెడ్డులో కడిగివేసినాడు. గుడ్డ పరచలేదు. నోరు విప్పలేదు.

నలభై రెండేండ్లకు, సకల జనుల సమ్మె రోజులలో, ఆ కారే మళ్ళీ, ఇప్పుడు రహీమాబీ నడిపే అదే షెడ్డుకు వచ్చింది. దొర మనుమడు బాగుచేయమని విడిచిపోయినాడు. ఒకనాటి ఉదయం భూపాలపల్లి దవాఖాన నుండి కబురు అందింది. రహీమాబీ కూతురు ఆస్మాకు కాన్పు కష్టమైనది. ఆమెది అరుదైన రక్తం. సాయంత్రంలోగా తమ్ముడు కైసర్ వచ్చి రక్తమియ్యకుంటే తల్లీబిడ్డలు దక్కరు. బస్సులు లేవు, రైళ్ళు లేవు. షెడ్డులో నడిచే బండి ఆ కారొక్కటే.

కైసర్ కొత్త కాగితపు ఫిల్టరు బిగించబోగా రహీమాబీ దానిని లాగి పక్కన పడవేసింది. పెట్రోలు టాంకు లోపలంతా తుప్పే. కాగితమైతే పది మైళ్ళకే పూడిపోతుంది, పూడితే కడుగుటకు రాదు. ఇత్తడిజాలి, గాజుగిన్నె ఉన్న, తండ్రి నాటి పాతకాలపు ఫిల్టరైతే దారిలోనే విప్పి దులుపుకోవచ్చును.

"తాత గిన్నె తప్ప నీకు ఇంకోటి నచ్చదు, అమ్మీ" అని కైసర్ గొణిగినాడు.

"ఫిల్టరు మీది బాణం గుర్తు చూసి బిగించుడు అందరికీ వస్తది, కొడుకా. లోపల ఏం చిక్కిందో కండ్లకు కనబడాలె."

వరంగల్ దారిలో రాస్తారోకో అని తెలిసి మహబూబాబాద్ మీదుగా పోయినారు. గూడూరు దాటి అడవి మొదలైన చోట ఇంజను దగ్గి ఆగింది.

మిట్టమధ్యాహ్నం. రోడ్డుపై బండి లేదు, మనిషి లేడు. చెట్లపై పిట్ట సైతం పలుకుట లేదు. కైసర్ స్టీరింగు వద్దనే ఉండగా రహీమాబీ దిగి బానెట్టు ఎత్తింది. కాలిన పెట్రోలు వాసన. దాని నడుమ... కొబ్బరినూనె వాసన.

గాజుగిన్నెలో తుప్పు లేదు. వెంట్రుకలున్నవి.

తీసి పారవేసింది. కారు నూరు గజాలు పోయి ఆగింది. మళ్ళీ విప్పింది. మళ్ళీ వెంట్రుకలే. నల్లనివి. పొడుగాటివి. ఇప్పుడే తలకు రాసినట్లు నూనె తడి...

వెనుక నుండి ఎవరో పిలిచినారు.

"యాడీ..."

తండాలలో తల్లిని పిలిచే పిలుపు అది. రహీమాబీ తల తిప్పలేదు.

"జాగ లేదా, యాడీ?"

"నా బిడ్డ పానం పోతది. మమ్ముల పోనియ్యి" అని ఆమె గుసగుసలాడింది.

"నాది పానం కాదా?"

మెడపై చల్లని ఊపిరి తగిలింది. తండ్రి వాడిన తెల్లగుడ్డను రహీమాబీ నడుము నుండి తీసి, కారు ముందుచక్రపు మడ్‌గార్డుపై పరచింది. వెంట్రుకలను దానిపై పెట్టింది.

"మా అబ్బా దాచిండు. ఇగో... నేను చూపుతున్న. నా సీటు తీసుకో. నా పిల్లగాన్ని మాత్రం దవాఖానకు చేర్చు."

ఫిల్టరు బిగించి, గుడ్డను చేతిలోకి తీసుకొని, బానెట్టు దించింది. అంతలో ఎడమ తలుపు తెరుచుకొని మూసుకొన్నది. కారు కదిలింది. కైసర్ పక్కకు తిరిగి ఎవరితోనో మాట్లాడుతూ వెళ్ళిపోయినాడు. వెనుకకు చూడలేదు.

చేతిలోని గుడ్డపై వెంట్రుకలు లేవు.

రహీమాబీ నడిచీ, దొరికిన బండి ఎక్కీ మూడవనాటికి భూపాలపల్లి చేరింది. ఆస్మా బ్రతికింది. ఆడపిల్ల పుట్టింది, అల్ఫియా అని పేరు పెట్టినారు. కైసర్ మాత్రం తల్లిపై మండిపడినాడు.

"గూడూరు నుంచి ఒక్క మాట మాట్లాడకపోతివి. ముసుగేసుకొని కూసున్నవ్. దిగంగనే నాకన్న ముందు కాన్పు గదిలకు పోయినవ్. మూడు దినాలు ఏడున్నవ్, అమ్మీ?"

కారును యజమానికి అప్పగించునపుడు రహీమాబీ ఆ ఫిల్టరును విప్పి తన వద్దనే ఉంచుకొన్నది.

ఈ యేడు ఆమె అల్ఫియాకు అప్పగించినవి మూడే: ఇత్తడిజాలి, గాజుగిన్నె, తెల్లగుడ్డ. ఆ గిన్నెలో పెట్రోలు పడి పద్నాలుగేండ్లయినది. అయినను ఏటికొకసారి తుడిచినప్పుడల్లా అందులో ఒక్క వెంట్రుక దొరుకుతున్నది. మొదటి యేడు దొరికినది పసిబిడ్డ వెంట్రుక. ఈసారి దొరికినదానిని గుడ్డపై పరచి చూపినది. అల్ఫియా తన జడ ముందుకు వేసుకొని, దాని పక్కన పెట్టి కొలిచింది.

సరిగ్గా అంతే ఉన్నది.