బెదురు తెలియని ఎలుక

మధ్యాహ్నం భోజనాలయ్యాక ల్యాబంతా ఆవులిస్తున్న వేళ, పిచ్చుక మైక్రోస్కోపుల గదిలోకి వెళ్లింది. మనిషి పిడికెడంతే ఉంటుందని అందరూ కలిసి పెట్టిన పేరది. ఆ గదికి కిటికీ లేదు. తలుపుకి లోపలివైపు దళసరి నల్ల తెర. స్పిరిట్ వాసన, యంత్రాల సన్నటి రొద.

మూడేళ్లుగా ఆమె ఒకే జన్యువు వెంట పడింది. మెదడులో ఏ కణం చూసినా జన్యువులు అవే. ఏది ఎక్కడ తెరుచుకోవాలి, ఏది మూసుకునే ఉండాలి అన్నదాంట్లోనే ఉంది కిటుకంతా. ఈ జన్యువు భయాన్ని పసిగట్టే కాసిని కణాల్లోనే, అదీ ఎలుక బెదిరినప్పుడే తెరుచుకుంటుంది. తెరుచుకున్న కణం ఆకుపచ్చగా వెలిగేలా పిచ్చుక ఏర్పాటు చేసింది.

ఇవాళ్టిది బెదురంటే తెలియకుండా పెరిగిన ఎలుక. చచ్చి వారమైంది. దాని మెదడుని మందులో గట్టిపరిచి, ఉల్లిపొరలా కోసి గాజుపలక మీద అతికించింది. ఇందులో ఏదీ వెలగకూడదు.

వెలగలేదు. అమ్మయ్య అనుకుంది.

అంతలో ఒక చుక్క వెలిగింది.

మైక్రోస్కోపు అద్దం మీద దుమ్మేమో అని పలక జరిపింది. చుక్క పలకతోపాటే జరిగింది. పక్కన ఇంకొకటి... దాని పక్కన మరొకటి...

"వదినా... ఒక్కసారి రా."

పక్క గదిలోంచి వదిన వచ్చింది. అన్నయ్య భార్యే, ఈ ల్యాబుకి పెద్ద కూడా.

"ఏమే, తిన్నది అరగలేదా?" అంటూ వంగి చూసింది. నవ్వు ఆగిపోయింది. "చచ్చిన కణంలో జన్యువెలా తెరుచుకుంటుందే?"

"అదే నాకూ అర్థం కావట్లేదు."

"ఈ మూల మైక్రోస్కోపు దీపంలో ఏదో తేడా ఉంది. తలుపు దగ్గరున్న దాంట్లో పెట్టు."

పెట్టారు. అంతా చీకటి. ఒక్క చుక్క లేదు.

"చూశావా! ఊరికే హడలగొట్టావు."

"మూడేళ్లూ నీళ్లపాలయ్యాయనుకున్నా వదినా." ఇద్దరూ నవ్వుకున్నారు. వదిన కన్ను ఇంకా అద్దం మీదే ఉంది.

"ఆగవే..." గొంతు తగ్గిపోయింది. "మళ్లీ మొదలైంది. ఒకటి... రెండు... అయ్యో, అన్నీ వెలుగుతున్నాయే..."

యంత్రం రొద తప్ప చప్పుడు లేదు.

"వెనకాల నిలబడి ఊపిరి వదలకే," వదిన గుసగుసగా అంది. "మెడకి తగులుతోంది."

"నేను... నీ ఎదురుగా ఉన్నాను వదినా."

వదిన తలెత్తింది. బల్లకి అవతల పిచ్చుక.

తెర చింపుకుని ఇద్దరూ బయటపడ్డారు. వరండా, మెట్లు... ఎక్కడా ఆగలేదు. కింద ఎలుకల గదిలో పట్టపగల్లా లైట్లుంటాయి. పిచ్చుక ముందు దూరింది. ఎలుకలు తమ మానాన తాము తింటున్నాయి. ఆమె గుండె కాస్త కుదుటపడింది.

వెనకాలే వదిన గుమ్మం దాటింది.

ఎలుకలు మేత వదిలేశాయి. ప్రతి పంజరంలోనూ అవతలి మూలకి పోయి ఒకదాని మీద ఒకటి కుప్పపడ్డాయి. చూపులు మాత్రం ఇటే. వదిన మీద కాదు. ఆమె భుజానికి జానెడు పైన.

వదిన మెడ తడుముకుంది.

"ఇక్కడ గాలి ఎక్కణ్నించి వస్తోందే?"