సైకిల్ మీద అత్తారింటికి

"అది పంక్చరు కాదండీ."

సంతోషకుమారి తలతిప్పి చూసింది. జిన్నింగ్ మిల్లు గేటు దగ్గర ఒకతను నిలబడి ఉన్నాడు. పాతికేళ్ళు ఉంటాయేమో. తలనిండా పత్తి నూగు పట్టి సగం ముసలివాడిలా కనబడుతున్నాడు.

"అక్కణ్ణుంచే తెలిసిపోయిందా మీకు?" అంది విసురుగా. బడికి అప్పటికే ఆలస్యమైంది. పైగా వాన మొదలైంది.

"గాలి ఒక్కసారిగా పోలేదు కదా. వాల్వు దగ్గర పోతోంది. కాస్త ఉమ్మి రాసి చూడండి, బుడగ వస్తుంది."

"ఛీ! ఏం రాసి?"

"ఉమ్మండీ. పోనీ నేను రాయనా?"

"నా సైకిల్ మీద చెయ్యి వేశారంటే ఊరుకోను!"

"చెయ్యి వెయ్యనండీ. ఉమ్మొక్కటే..."

గేటు కాపలా అలీ సాహెబ్ పగలబడి నవ్వాడు. సంతోషకుమారికి ఒళ్ళు మండింది, నవ్వూ వచ్చింది. అతను చొక్కా జేబులోంచి చిన్న రబ్బరు ముక్క తీసి, వాల్వుకి తొడిగి, పంపుతో గాలి కొట్టి ఇచ్చాడు.

"జేబులో వాల్వు ట్యూబు వేసుకుని తిరుగుతారా ఎవరైనా?"

"సైకిల్ మీద శ్రీశైలం పోయొచ్చినవాణ్ణి. అలవాటైపోయింది."

"మొక్కా?"

"లేదండీ. ఊరికే. పోతా ఉంటే బావుంటది."

అది ఎనభయ్యారు జూన్. ఊరు చిలకలూరిపేట. అతని పేరు రామాంజనేయులు, మిల్లులో ఫిట్టరు. దర్శి దగ్గర పల్లెటూరు. తండ్రి లేడు. తల్లి హనుమాయమ్మ ఒక్కతే మిరప, పత్తి సాగు చేయించుకుంటోంది. సెలవు దొరికితే చాలు, సైకిలెక్కి ఎటో ఒకవైపు పోవడం అతని పిచ్చి. ఎవరినీ తోడు పిలవడు. అమరావతి పోయి అమరేశ్వరుణ్ణి చూడకుండా ఒడ్డున కూచుని కృష్ణని చూసి తిరిగొచ్చే రకం.

ఆ తరువాత సంతోషకుమారి సైకిల్‌కి రోగాలు ఎక్కువయ్యాయి. ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ బ్రేకు బిగించమంది. మరో ఆదివారం చైను వదులైందంది. ఇంకోవారం ఏం చెప్పాలో తోచక, "బెల్లు సరిగా మోగడం లేదు," అంది.

రామాంజనేయులు బెల్లు కొట్టి చూశాడు. అది వీధి చివరిదాకా మోగింది.

"నిజమేనండీ," అన్నాడు గంభీరంగా. "చాలా పెద్ద రిపేరు. వచ్చే ఆదివారం కూడా రావాలి."

"టీచరమ్మా," అన్నాడు అలీ సాహెబ్, "ఈ సైకిలు అమ్మేసుకో తల్లీ. ఇన్ని జబ్బుల సైకిల్ని నా జన్మలో చూడలా."

ఆగస్టు మొదటివారంలో, మిల్లు పక్కన టీ బడ్డీ రేకు కింద, వాన చప్పుడులో వినబడీ వినబడనట్టు అతను అడిగాడు. "మా అమ్మ దగ్గరికి వస్తావా?"

"మీ అమ్మగారు నన్ను గుమ్మం ఎక్కనిస్తారా? చర్చిలో పాటలు పాడేదాన్ని."

"నాగుల చవితి రోజున పోదాం. ఆ రోజు మా అమ్మ నా కోసం పుట్టలో పాలు పోసి ఉపవాసం ఉంటది. ఉపవాసం ఉన్న పూట ఎవర్నీ ఒక్క మాట అనదు. మిగతా సంవత్సరమంతా అంటదనుకో."

"బస్సుకా?"

"బస్సు దిగితే ఊరంతా చూసి మనకంటే ముందే అమ్మకి కబురు చేరేస్తారు. సైకిళ్ళ మీద పోదాం. అద్దంకిలో ఒక రాత్రి ఆగి, తెల్లారి గుండ్లకమ్మ దాటి, డొంకదారిన నేరుగా మా మిరప చేలోకి. అమ్మ అక్కడే ఉంటది."

"నవంబరులో వానలుంటాయి కదా?"

"ఉంటాయి. నల్లరేగడిలో సైకిలు మనల్ని మొయ్యదు, మనమే దాన్ని మొయ్యాలి. మోస్తావా?"

"మీది కూడా నేనే మోస్తాను," అంది. అతను నవ్వలేదు. తడిసిన ఆమె జడ వైపు చూసి, తల దించుకున్నాడు. అదే వాళ్ళిద్దరి మధ్యా పెళ్ళి మాట.

రెండు వారాలకి అతని కళ్ళు పచ్చబడ్డాయి. కామెర్లన్నారు. పసరు మందు తాగి వారంలో వచ్చేస్తానని చెప్పి ఊరెళ్ళాడు. వారమైంది, నెలైంది. ఉత్తరం లేదు, కబురు లేదు. సంతోషకుమారికి మొదట దిగులేసింది, తరువాత కోపం వచ్చింది. అమ్మ పక్కన చేరగానే బుద్ధి మారిందనుకుంది. మిల్లు మీదుగా వెళ్ళడం మానేసి చుట్టుదారిన బడికి వెళ్ళసాగింది.

అలీ సాహెబ్ ఒకరోజు బడి గేటు దగ్గరికే వచ్చాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"ఏం సాహెబ్ గారూ, ఫిట్టరు గారు వచ్చారా?" అంది ఎకసెక్కంగా.

"లేదు తల్లీ." ఆయన టోపీ అంచు నలిపాడు. "ఇంక రాడు. పోయి నెల దాటిందంట. వాళ్ళూరి లారీ డ్రైవరు నిన్న చెప్పాడు."

ఆమె లోపలికి వెళ్ళి మూడో తరగతికి ఎక్కాలు చెప్పింది. పన్నెండో ఎక్కం దగ్గర ఆగిపోతే పిల్లలే పూర్తి చేశారు. ఇంటి దగ్గర నాన్న క్రీస్తుదాసుకి గానీ, మరెవరికి గానీ అతని సంగతి తెలియదు. ఏడవడానికి కూడా ఒక వరస కావాలి. ఆమెకి ఆ వరస లేదు.

నవంబరు వచ్చింది. బంగాళాఖాతంలో వాయుగుండం పడిందని రేడియో చెప్పింది. చవితికి ముందురోజు తెల్లవారుతుండగా, అద్దంకిలో స్నేహితురాలి దగ్గరికని చెప్పి, సంతోషకుమారి సైకిలెక్కింది. అటు బస్సులు నడుస్తూనే ఉన్నాయి. బస్సులో వెళదామని ఆమెకి తోచనేలేదు.

రోడ్డు మీద లారీలు మొహాన నీళ్ళు కొట్టి పోతున్నాయి. ఎదురుగాలి. ఒక మైలు ముందుకి తొక్కితే అరమైలే పోయినట్టుంది. రెండు పక్కలా పగిలిన పత్తి, వానకి నాని కాయల్లోంచి జారి వేలాడుతోంది. మార్టూరు దాటేసరికి చైను మూడుసార్లు ఊడింది. మూడుసార్లూ కూచుని ఎక్కించుకుంది. చేతులకి గ్రీజు, చీరకి బురద.

"ఏమ్మాయ్, బస్సుల్లేవా?" చేలో నుంచి ఎవరో కేకేశారు.

"ఉన్నాయండీ!"

"మరి?"

జవాబు చెప్పడానికి నోరు తెరిస్తే వాన లోపలికి పోయింది. తొక్కుకుంటూ వెళ్ళిపోయింది.

సాయంత్రానికి అద్దంకి చేరింది. గుండ్లకమ్మ పొంగిందని, దర్శి వైపు దారి మూసేశారని చెప్పారు. టీ కొట్టు ఖాదర్‌బీ ఆమెని ఎగాదిగా చూసి, పొయ్యి దగ్గరికి లాగి కూచోబెట్టింది.

"ఎక్కడికే తల్లీ, ఈ తుపానులో?"

"అత్తారింటికి," అంది సంతోషకుమారి. ఆ మాట ఆమె నోటివెంట రావడం అదే మొదలు.

"మొగుడేడీ?"

"ముందెళ్ళారు."

"మంచోడే!" ఖాదర్‌బీ పళ్ళు నూరింది. "ఆడపిల్లని వానలో వదిలేసి తను ముందెళ్ళాడా? కనబడనీ, నాలుగు దులుపు!"

సంతోషకుమారి నవ్వింది. నవ్వుతూ ఉండగానే టీ గ్లాసు ఒరిగి, వేడి టీ ఒళ్ళో ఒలికింది. అప్పుడు ఏడ్చింది. ఒళ్ళు కాలిందనుకుని ఖాదర్‌బీ పరుగున చన్నీళ్ళు తెచ్చి పోసింది. ఆ రాత్రి తన పక్కనే పడుకోబెట్టుకుంది.

మర్నాడు పదింటికి నీళ్ళు మోకాలి లోతుకి తగ్గాయి. సంతోషకుమారి సైకిల్ని గట్టిగా పట్టుకుని, పదిమందితో కలిసి దాటింది. తారురోడ్డు వదిలి డొంకదారి పట్టగానే రేగడి మట్టి పట్టుకుంది. చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య ముద్దలు ముద్దలుగా ఇరుక్కుని చక్రం బిగిసిపోయింది. పుల్లతో గీకి పది అడుగులు తోస్తే మళ్ళీ అంతే. చివరికి సైకిల్ని భుజానికెత్తుకుంది. ఫ్రేము భుజం ఎముక మీద గుచ్చుకుంటుంటే, మనిషి ఎదురుగా ఉన్నట్టే, "చూశారా, మోస్తున్నాను," అంది పైకి.

గొర్రెలు తోలుకొస్తున్న ముసలాయన్ని హనుమాయమ్మ గారి మిరప చేను ఎక్కడని అడిగితే కర్రతో చూపించాడు.

చేలో మడమ లోతు నీళ్ళు. నడివయసు మనిషి ఒకావిడ చీర కచ్చ పోసి, పారతో గట్టు తెగ్గొడుతోంది. చవితి నాడు మన్ను తవ్వకూడదంటారు. ఆమె ఎవరిమీదో కసి తీర్చుకుంటున్నట్టు తవ్వుతోంది.

"ఎవరే అది? చూస్తావేం? అటు మూల నీళ్ళ బోదె పూడింది, మట్టి లాగు!" అని అరిచింది, తలెత్తకుండానే.

ఈమెని కూలికొచ్చిన మనిషి అనుకుంది. సంతోషకుమారి సైకిల్ని గట్టున పడేసి చేలో దిగింది. చేతులతోనే మట్టి లాగింది. నీళ్ళు కదిలాయి. అరగంట సేపు ఇద్దరూ మాటల్లేకుండా పనిచేశారు. మిరప మొక్కల మొదళ్ళు ఒక్కొక్కటే బయటపడ్డాయి.

హనుమాయమ్మ నడుం నిలబెట్టి, అప్పుడు చూసింది. పిల్లని చూసింది. గట్టు మీద పడున్న లేడీస్ సైకిల్ని చూసింది. చేతిలో పార జారింది.

"పేట పిల్లవా?"

"అవునండీ."

పాకలోకి తీసుకెళ్ళి పొడి తువ్వాలు ఇచ్చింది.

"ఈ ఏడు పుట్టలో పాలు పొయ్యలా," అంది. "ఎవరికోసం పొయ్యాలి?"

సంతోషకుమారి తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని కూచుంది.

"నా గురించి ఏమన్నా చెప్పారా అండీ?"

"చెప్పకపోవడమేంది? సైకిలు తొక్కే టీచరమ్మ ఉందని, దానికి కబురు పెట్టమని పన్నెండు రోజులు నా ప్రాణం తీశాడు. రాసుకోడానికి వాడి చేతుల్లో సత్తువ లేదు. రోజూ పొద్దున్నే, 'కబురు పెట్టావా అమ్మా?' అనేవాడు. పెట్టాన్రా అనేదాన్ని." హనుమాయమ్మ అరచేతి మట్టిని గోటితో గీక్కుంది. "పెట్టలా."

"ఎందుకు పెట్టలేదు?"

"తగ్గాక వాడే పోతాడుగా అనుకున్నా. కాదు, ఇదీ అబద్ధమే. నువ్వు మా కులం కాదు, మా మతం కాదు. నిన్ను చూస్తే ఇంక కాదనలేనని భయపడ్డా. ఆఖరి రోజు కూడా, 'వానకి ఆగిందేమోలేమ్మా, వస్తది,' అన్నాడు."

సంతోషకుమారి లేచి బయటికి నడిచింది. సైకిల్ని లేపి తోసింది. చక్రం తిరగలేదు. ఇంకా గట్టిగా తోసింది. తిరగలేదు. నెలరోజులు తను అతన్ని తిట్టుకుంది. మొదట కొన్నాళ్ళు అతను తన కోసం గుమ్మం వైపు చూశాడు, ఆ తరువాత అసలు లేనే లేడు. బురదలో చతికిలబడి, వేళ్ళతో చక్రంలో మట్టి పెరుకుతూ, గొంతెత్తి ఏడ్చింది.

కాసేపటికి హనుమాయమ్మ కొడవలి పట్టుకుని వచ్చింది. ఓదార్చలేదు, క్షమించమనలేదు. వెనకచక్రం దగ్గర గొంతుక్కూచుని, కొడవలి మొనతో మట్టి గీకడం మొదలుపెట్టింది. ముందుచక్రం పిల్లది, వెనకచక్రం తల్లిది. వాన ఇద్దరి మీదా పడుతోంది.

"పొద్దుట్నుంచి ఏమన్నా తిన్నావా?"

"లేదండీ."

"నేనూ తినలా. పద."

ఇంటి దగ్గర వేడన్నంలో కొత్త చింతకాయ పచ్చడి కలిపి పెట్టింది. అతని సంగతులు ఆమె కొన్ని చెప్పింది, ఈమె కొన్ని చెప్పింది. ఉమ్మి సంగతి చెప్పినప్పుడు హనుమాయమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది, ఆ కొంగుతోనే కళ్ళు తుడుచుకుంది. "మిమ్మల్ని క్షమించానని అనలేనండీ ఇప్పుడు," అంది సంతోషకుమారి. "అనమాక," అంది హనుమాయమ్మ. "నన్ను నేనే క్షమించుకోలా."

తెల్లారేసరికి వాన వెలిసింది. హనుమాయమ్మ సైకిలు హ్యాండిల్ తనే పట్టుకుని రోడ్డుదాకా నడిపించింది. వీధిలో జనం గుమ్మాల్లోకి వచ్చి చూశారు. ఎదురింటి సుబ్బరావమ్మ ఉండబట్టలేక, "ఎవరే హనుమాయమ్మా, ఆ పిల్ల?" అని అడిగింది.

హనుమాయమ్మ ఆగింది. వీధంతా వినబడేట్టు చెప్పింది.

"మా కోడలు. మా వాడు పేటలో చూసుకున్నాడు. నేనే ఆలస్యం చేశా."

సంతోషకుమారి తల వంచుకుని, తన కాళ్ళ మీద ఆరిన నల్లమట్టిని చూస్తూ నడిచింది.

రోడ్డు దగ్గర హ్యాండిల్ చేతికిస్తూ హనుమాయమ్మ అంది: "చిన్నదానివి. రేపు మీవాళ్ళు నీకు పెళ్ళి చేస్తారు, చెయ్యాలి. అప్పుడు నాకు కబురు పెట్టు. నాలాగా చెయ్యమాక."

"పెడతానండీ."

"అండీ ఏందే, పరాయిదాన్నా?"

సంతోషకుమారి పెడల్ మీద కాలు పెట్టింది.

"పెడతానత్తయ్యా," అంది.

సైకిలు కదిలింది. తడి రోడ్డు మీద ఎండ పడుతోంది. మలుపు దాకా ఆమె వెనక్కి తిరగలేదు. మలుపులో తిరిగి చూస్తే, హనుమాయమ్మ ఇంకా రోడ్డు మధ్యనే నిలబడి ఉంది.